ఎడమ చేత్తో

కొత్తగా కొన్న పాత తెరచాప పడవకు, అడుగున చేరే నీళ్ళు తోడే పంపు కావాలని మొగుడూ పెళ్ళామూ దుకాణానికి వచ్చారు.

మర్నాడే ప్రయాణం. ఆమెకు ఈత రాదు. 

"ఇదిగో, మోటారుది. నీళ్ళు చేరగానే దానంతటదే తోడేస్తుంది," అన్నాడు భర్త.

"చేతి పంపు కూడా తీసుకోండి."

వెనక ఎవరో ముసలాయన. మాసిన గడ్డం. వాళ్ళు వచ్చినప్పటి నుంచీ వెంటే తిరుగుతున్నాడు.

"మోటారుండగా అదెందుకండీ?"

"ఆ పడవ..." అని ఆగాడు ముసలాయన.

"పడవ సంగతి నేను చూసుకుంటాలే పెద్దాయనా."

ముసలాయన మరి అతనితో మాట్లాడలేదు. చేతి పంపు తెచ్చి నీళ్ళ బకెట్లో పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"కొట్టమ్మా."

కొట్టింది.

"ఎడమ చేత్తో. కుడి చెయ్యి పట్టుకోడానికి కావాలి. ఇప్పుడు కళ్ళు మూసుకుని."

"ఆవిడకి స్నానం బకెట్టు చూసినా భయమే," భర్త నవ్వాడు. "మీకిందులో కమీషనేమైనా ఉందా?"

ముసలాయన నవ్వలేదు. పంపు పిడిని మళ్ళీ ఆమె ఎడమ చేతిలో పెట్టాడు. ఆ తీరు చూసే, మొగుడు వద్దంటున్నా ఆమె పట్టుబట్టి కొనిపించింది.

మర్నాడు ఒడ్డు కనుమరుగయ్యాక ఆమె పాదాలకు చల్లగా తగిలింది.

నీళ్ళు.

మోటారు పంపు కాసేపు మూలిగింది. అడుగునున్న బ్యాటరీ మునిగింది. ఆ మూలుగూ ఆగిపోయింది.

"ఏమైందండీ?"

భర్త రెండు చేతులా చుక్కాని పట్టుకుని పడవను ఒడ్డు వైపు తిప్పాడు. చుక్కాని వదిలితే పడవ తిరగబడుతుంది. అతని పెదవులు పాలిపోయాయి.

ఆమె కుడి చేత్తో పడవ అంచు పట్టుకుంది. ఉప్పునీళ్ళు మొహాన కొడుతుంటే కళ్ళు మూసుకుంది. ఎడమ చేత్తో కొట్టింది.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అక్కడే నిలిచాయి.

పడవ అడుగు ఇసుకను గీరుకునే దాకా ఆమె చెయ్యి ఆగలేదు.

తడిబట్టలతోనే దుకాణానికి వెళ్ళారు.

"ఆ పెద్దాయన ఎక్కడుంటారండీ? క్షమించమని అడగాలి," అన్నాడు భర్త.

"ఇందాకటి దాకా రేవులోనే నిలబడ్డాడు. మీ తెరచాప కనబడగానే సంచీ తీసుకుని బస్సెక్కేశాడు. ఇక ఈ ఊరు రానన్నాడు."

"ఎవరాయన?" అడిగింది ఆమె.

దుకాణదారు లెక్కల పుస్తకం మూశాడు.

"నాకూ ఇవాళే చెప్పాడమ్మా. మీ పడవ ఇదివరకు ఆయనదేనట, రేవులో చూసి గుర్తుపట్టాడట. మునిగిన దాన్ని ఎవరో పైకి తీసి, రంగేసి మీకు అమ్మారు. మోటారుందిగా అని పెళ్ళానికి చేతి పంపు కొట్టడం నేర్పకుండానే తీసుకెళ్ళి, ఆ రోజు ఒక్కడే ఒడ్డుకొచ్చాడట."