పెరటి గది

స్టూడియో తలుపుకు లోపల గడియ పడి ఉంది.

వెంకటరామారావు దబదబా బాదాడు. తెల్లారే ఖమ్మం నుంచి తన కారులో వెంటబెట్టుకొచ్చిన వాద్యగాళ్లు పెరట్లో నిలబడి చూస్తున్నారు. రికార్డింగు చేసే సతీష్‌కు కాలు నిలవడం లేదు.

"సార్, జల్దీ కానియ్యుండ్రి. కరెంటు పోతదంటున్నరు. ఇయ్యాల పాట కాకుంటే నవమికి సీడీలు భద్రాచలం చేరవు."

"భవానీ! తలుపు తియ్యమ్మా!"

కోడలి గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. "నేను పాడలేను మామయ్యా! పొద్దున్నే బయట చేరాను!"

తబలా ఆయన తబలా మీద లేని దుమ్ము తుడవసాగాడు. వెంకటరామారావు చెవులు ఎర్రబడ్డాయి. మొన్నటిదాకా ఆ పెంకుటి గది ఇంట్లో ఆడవాళ్లు, కూతురైనా కోడలైనా, నెలకు మూడు రోజులు దూరంగా కూర్చునే చోటు. గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టించి, తలుపుకు దూది మెత్తలు వేయించి దాన్ని స్టూడియో చేశాడు. ఆ సంగతి వీళ్లకు చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది?

తలుపుకు నోరు ఆనించి గుసగుసగా అన్నాడు. "ఇది స్టూడియో తల్లీ. మీకు గొడ్లకొట్టం చూపించాను కదా?"

తలుపుకు చెవి ఆనించి చూశాడు.

"గట్ల వినపడదు సార్. మెత్తలు మంచిగేసినం. అరవాలె," అన్నాడు సతీష్.

అరిచాడు. "గొడ్లకొట్టంలో కూర్చోవచ్చు కదమ్మా!"

"అక్కడ తేళ్లున్నాయి మామయ్యా!"

పక్కింటి గోడ మీద రెండు తలలు లేచాయి. వంటింటి గుమ్మంలో ఆయన భార్య నిర్మలాదేవి తాపీగా నిలబడి ఉంది.

"నన్ను చూస్తారేంది? ఆ పిల్ల మైలలో రాముడి పాట పాడొచ్చో లేదో మీరే చెప్పండి. ఇంట్లో కట్టుబాట్లన్నీ మీవేగా," అంది.

వెంకటరామారావు మిర్చి వ్యాపారి. తక్కెడలో పరువు ఒకవైపు, పాట ఇంకోవైపు వేసి చూసుకున్నాడు. పరువు ఎలాగూ గోడ దాటిపోయింది. పాటైనా దక్కించుకోవాలి. తల వంచుకుని, తలుపుకేసి దమ్మపేట ఊరంతా వినేటట్టు అరిచాడు.

"ముట్టుకూ రాముడికీ ఏ సంబంధమూ లేదమ్మా! తలుపు తీసి పాడు! ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ ఎక్కడా దూరంగా కూర్చోనక్కర్లేదు!"

సతీష్ నేల చూపులు చూశాడు. గోడ మీద తలల్లో ఒకటి కిసుక్కున నవ్వింది.

గడియ తీసిన చప్పుడైంది. భవాని పట్టుచీర కట్టుకుని, కాళ్లకు పసుపు రాసుకుని, తలలో పూలతో గడప మీద నిలబడింది.

"నాకేం కాలేదు మామయ్యా. నిన్న సాయంత్రం నుంచీ గొడ్లకొట్టంలో ఉన్నది మీ అమ్మాయి. మీరే వెళ్లి లోపలికి పిలుచుకు రండి, అప్పుడు పాడతాను."