మడత

చనిపోయిన చరిత్ర ప్రొఫెసర్ గారి ఉత్తరాల కట్టలు మా కాలేజీ ఆర్కైవ్స్‌కి వచ్చాయి. వాటి మడతలు విప్పి, సాపు చేసి, గాజు పలక కింద పెట్టడం నా పని. ఆయన రాసి పోస్టు చేయని ఒక ఉత్తరం మాత్రం మూడు రోజులుగా నా ప్రాణం తోడేస్తోంది. సాయంత్రం పలక కింద పెట్టి వెళ్తాను. పొద్దున వచ్చేసరికి మడిచి, పాత కవర్లో పెట్టి, అంటించి ఉంటుంది.

"పని రాకపోతే చెప్పమ్మా, ఇంకొకర్ని చూసుకుంటాం," అన్నారు మా పెద్దసారు.

ఇవాళ తాడోపేడో తేల్చుకుందామని లోపల గడియ పెట్టుకుని ఆ ఉత్తరం ఎదురుగానే కూర్చున్నాను. బయట చీకటి పడింది. మా ఆయన ఫోన్ చేశాడు.

"ఇంకా రాలేదేంటి?"

"చచ్చినా ఈ ముసలాయన చాదస్తం పోలేదండీ. దీని సంగతి చూసి వస్తాను."

"ఏం తింటున్నావు? మాట ముద్దముద్దగా వస్తోంది."

"ఏమీ తినట్లేదే."

ఫోన్ పెట్టేసి బల్ల వైపు చూశాను. గాజు పలక పక్కకు తీసి ఉంది. ఉత్తరం కవర్లో ఉంది. అంటించిన చోట వేలు పెడితే తడి తగిలింది.

తలుపు గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

ముసలాయన్ని ఇంకో మాట తిట్టబోయాను. నా నాలుక మీద జిగురు రుచి.