వెంట్రుక బేరం

గోడలో సగం ఆక్రమించే ఆ టీవీ ముందు నేను కదలకుండా నిలబడిపోయాను. షోరూంలో చూపించడానికి పెట్టిన పీసు. తెర మూలన అరచేయంత ఆఫర్ స్టిక్కర్ ఉంది. ఆఫర్ పోను కూడా ధర మా తాహతుకి మించే ఉంది.

సేల్స్‌మాన్ నాకు రిమోట్ మీటలు చూపిస్తుండగా, మా ఆవిడ తన జడలోంచి ఒక వెంట్రుక లాగి, వేలు తడి చేసుకుని, తెరకి అంటించింది.

"ఏమయ్యా, ఇక్కడ గీత పడినట్టుందే?"

అతను దగ్గరికొచ్చి చూస్తే పరువు పోయినట్టే. కానీ అతను కనీసం తొంగి కూడా చూడలేదు.

"మీ కంటికి ఏదీ దాగదు మేడమ్. సగం ధరకే ఇచ్చేస్తాను. వాపసు మాత్రం తీసుకోం," అంటూ గబగబా బిల్లు రాసేశాడు.

టీవీని బండిలోకి ఎక్కించగానే మా ఆవిడ ఆ వెంట్రుకని కొంగుతో తుడిచేసింది. ఇల్లు చేరేదాకా ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

టీవీని గోడకి బిగించి, స్టిక్కర్ పీకాను. దాని కింద వేలెడు పొడవున అసలు గీత.

మా ఆవిడ జడ ముడేసుకుంటూ, "ఎవరైనా అడిగితే వెంట్రుక అని చెప్పండి," అంది.