ఎర్రబడ్డ నలుగు

పెళ్ళి నాలుగు రోజుల్లో ఉందనగా పెళ్ళికూతురి మొహం కందిపోయింది. బుగ్గల మీద పొట్టు లేచింది. పెళ్ళికొడుకు చెప్పాపెట్టకుండా ఊడిపడింది కూడా సరిగ్గా ఆ రోజే.

విజయేందర్ ఒక్కడే రాలేదు. అక్కను వెంటబెట్టుకొచ్చాడు. బోయిగూడలోని ఆ ఇరుకింట్లో ఉన్న ఒక్క సోఫా ఇద్దరికీ సరిపోయింది. సుకన్య తల్లి సుమిత్ర టీ కప్పులు ఇంకా కింద పెట్టనేలేదు.

"పిల్లను పిలువుండ్రి" అన్నాడు విజయేందర్.

అతనికి రంగు పిచ్చి. సంబంధం కుదిరిన నాటి నుంచి రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేవాడు. సుకన్యను ట్యూబ్‌లైటు కింద నిలబడమనేవాడు. "జెర దగ్గరకు రా. ఇయ్యాల డల్ ఉన్నవ్. ఎండల తిరిగినవా?" అని ఆరా తీసేవాడు. సంతలో గేదెను కొనేవాడు కూడా అంత పరీక్షగా చూడడు.

వీడు నాకొద్దని సుకన్య తల్లికి రెండుసార్లు చెప్పింది. మొదటిసారి తల్లి విననట్టు ఊరుకుంది. రెండోసారి చెంప పగలగొట్టింది. సొంతిల్లు, సర్కారు నౌకరి ఉన్న అల్లుడు ఊరికే దొరుకుతాడా?

మూడు రోజులుగా పిల్ల ఫోన్ ఎత్తకపోయేసరికి అతనికి అనుమానం వచ్చింది. అందుకే ఈ రాక.

సుకన్య వచ్చి నిలబడి, మొహం మీది తువ్వాలు తీసింది.

"అయ్యో, ఏందిది? ఫొటోల చూపిచ్చింది ఈ పిల్లనేనా?" అంది అక్క.

"నలుగు పడలేదమ్మా. రెండు రోజులల్ల తగ్గుతది" అంది సుమిత్ర.

"తగ్గదు అత్తమ్మా."

వంటింటి గడప దగ్గర నుంచి కోడలు ఊర్మిళ అంది. అడిగిందెవరు!

ఊర్మిళ ఏ.ఎస్. రావు నగర్‌లో చర్మం డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అక్కడ విన్న ముక్కలన్నీ ఇంట్లో ఒలకబోస్తుందని సుమిత్రకు ఒళ్ళుమంట. ఇప్పుడూ మొదలుపెట్టింది.

"చర్మం మీద సన్నగ పులుపుండాలె. పీహెచ్ అయిదున్నర. సోడా అసొంటిది తగిలి అది పెరిగిందనుకోండ్రి, పైపొర దెబ్బతింటది. ముందు మంట, తర్వాత నల్లమచ్చలు. మచ్చలు పడితే ఏండ్లకేండ్లు పోవు. మా డాక్టరమ్మ దగ్గర రోజూ చూస్తనే ఉన్న గద."

"నోరు మూస్కో!" అరిచింది సుమిత్ర.

"నల్లమచ్చలా?" విజయేందర్ లేచి నిలబడ్డాడు.

సుమిత్ర తెలివితక్కువ మనిషి కాదు. సోడా మాట దీని నోటికెందుకొచ్చింది? ఆడబిడ్డకు నలుగు పెట్టే పని వదినది. మూడు రోజులుగా స్నానాల గది తలుపు మూసుకుని పెడుతున్నది ఊర్మిళే. నాలుగేళ్ళ కాపురంలో వదినా ఆడబిడ్డలు నవ్వుతూ మాట్లాడుకోగా సుమిత్ర ఒక్కనాడూ చూడలేదు.

గబగబా వెళ్ళి నలుగు పిండి డబ్బా తెచ్చింది. అందరి ముందూ పళ్ళెంలో గుప్పెడు పోసి నీళ్ళు చిలకరించి కలిపింది. పసుపు వేసిన పిండి పచ్చగా ఉండాలి. చూస్తుండగానే ఎర్రబడింది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎన్నిసార్లు కలిపిన చేతులవి! పసుపులో సున్నమో సోడానో పడితే ఏమవుతుందో సుమిత్రకు ఏ డాక్టరమ్మా చెప్పక్కర్లేదు.

"పెసరపిండి, పసుపు నేనే పట్టిచ్చిన. దీంట్ల బట్టల సోడా ఎట్లొచ్చిందే?"

ఊర్మిళ చేయి పట్టి గుంజింది. ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత మచ్చ. మానిపోవచ్చింది.

"చూడుండ్రి! కలిపేటప్పుడు దీని చెయ్యి సుత కాలింది. కళ్ళల్ల నిప్పులు పోసుకున్నది నా బిడ్డ మీద!"

ఊర్మిళ చేయి వెనక్కి లాక్కుంది.

"వదినెనే చేసింది" సుకన్య భోరుమంది. "మంటైతుందంటే ఓర్సుకో అన్నది."

"మంచిగున్నది మీ కొంప" అంది అక్క, సంచి చంకన పెట్టుకుంటూ. "పెండ్లి కాకముందే గిట్లుంటే, రేపెట్లుంటదో!"

"మచ్చల పిల్ల నాకొద్దు" అన్నాడు విజయేందర్. "నలుగుర్ల తీస్కపోయి చూపిచ్చుకోవాలె నేను. మావోళ్ళకు చెప్త, పెండ్లి క్యాన్సిల్."

సుమిత్ర గేటు దాకా వెంటపడింది. చేతులు పట్టుకుంది. అతను విదిలించుకుని బండి స్టార్ట్ చేశాడు. ఎదురింటి కిటికీలు రెండూ తెరుచుకున్నాయి.

లోపలికి వచ్చి రాగానే కోడలి చెంప ఛెళ్ళుమనిపించింది.

"నా బిడ్డ బతుకు బుగ్గి చేసినవ్ కదనే! నడువ్, మీ అమ్మగారింటికి నడువ్. నా కొడుకొచ్చి కాళ్ళు మొక్కినా నిన్నీ గడప తొక్కనియ్య!"

ఊర్మిళ లోపలికి వెళ్ళి అయిదు నిమిషాల్లో సంచితో బయటకు వచ్చింది. ముందే సర్దిపెట్టుకున్నట్టుంది, దొంగముఖంది, అనుకుంది సుమిత్ర. సుకన్య వదిన వైపు చూడను కూడా చూడకుండా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఊర్మిళ నేరేడ్‌మెట్‌లోని అమ్మగారింటికి ఆటో మాట్లాడుకుంది. వీధి మలుపు తిరిగే దాకా సుమిత్ర శాపనార్థాలు పెడుతూనే ఉంది.

ఆటో మెట్టుగూడ దాటాక ఊర్మిళ వాచిన చెంప తడుముకుని, సుకన్యకు మెసేజ్ పెట్టింది: "పెండ్లి తప్పింది గద పిల్లా, ఇగ ఆ సోడా పారబొయ్యి, క్రీము నీ దిండు కింద పెట్టిన, వారంల మచ్చ సుత ఉండదు, ముందుగల్ల నా చెయ్యి మీద చూసుకున్నం గద."