పొద్దెక్కేకొద్దీ

"సంతకం పెట్టవే. ఎంతసేపు చూస్తావు ఆ కాగితం వంక?" అంది గ్రేసమ్మ.

కోడలు ప్రశాంతి ఆసుపత్రి మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. బయట నరసరావుపేట ఇంకా పొగమంచులోనే ఉంది. ఆమె చేతిలో ఉన్నది, గర్భసంచి తీసేయడానికి ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం. ఆమెకింకా ముప్పై నిండలేదు.

"ఇప్పుడు నొప్పి లేదత్తా."

"ఇప్పుడెందుకుంటది? మధ్యాన్నానికి మిరప చేలో కూలబడతావు. మన వాడలో ఎంతమంది తీయించుకోలా? పెట్టు."

"పెట్టు ప్రశాంతీ, ఈపూరు నుంచి మళ్ళీ మళ్ళీ రాలేం," అన్నాడు భర్త శౌరి.

అత్త అన్నది నిజమే. నిద్ర లేచేసరికి ఒళ్ళు దూదిలా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పొత్తికడుపులోకి ఏదో బరువు దిగుతుంది. సాయంత్రానికి ఎవరో లోపల్నుంచి కిందికి లాగుతున్నట్టుంటుంది. నేల మీద వాలితే చాలు, ఆ బరువు మెల్లగా ఇంకిపోతుంది. మిరప సాళ్ళ మధ్య పడుకుని, ఆకుల సందుల్లో ఊగే వెలుతురుని చూస్తూ ఎటో తేలిపోయేది ప్రశాంతి. చూసినవాళ్ళు బద్ధకం అన్నారు.

ఆమె కలం అందుకుంటుండగా డాక్టర్ దేవిక వచ్చింది. ఆమె ఆ ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరి వారమే అయింది. కేస్ షీటు తిప్పి చూసింది.

"పడుకుంటే తగ్గుతుందా?"

"తగ్గుద్ది మేడమ్."

"భర్తతో కలిశాక ఎక్కువవుతుందా?"

ప్రశాంతి తలవంచుకుని, అవునన్నట్టు ఊపింది. శౌరి చప్పుడు చేయకుండా వరండాలోకి వెళ్ళిపోయాడు.

"ఇదివరకు స్కాన్ ఎలా తీశారు?"

"పడుకోబెట్టి."

"ఈసారి నిలబడండి."

స్కానింగ్ గదిలో మసక చీకటి. తెర మీద ఎరుపూ నీలం రంగులు పొగలా కదిలాయి. "ఊపిరి బిగబట్టి ముక్కండి," అంది డాక్టర్. రంగులు ఒక్కసారిగా ఉబ్బి, తెరంతా కమ్ముకున్నాయి. తన కడుపులో ఇంత రంగుందా అని ప్రశాంతి విడ్డూరంగా చూసింది.

"కొందరికి కాళ్ళల్లో నరాలు ఉబ్బుతాయి చూడండి, మీకు గర్భసంచి పక్కన ఉబ్బాయి. పైకి పోవాల్సిన రక్తం కిందికి జారి అక్కడే నిలుస్తోంది. నిలబడేకొద్దీ నిండుతుంది, పడుకుంటే ఖాళీ అవుతుంది. మీ గర్భసంచికి ఏ జబ్బూ లేదు."

"అయితే తీయక్కర్లేదా?" పక్కనే నిలబడ్డ గ్రేసమ్మ గొంతు వింతగా పలికింది.

"అక్కర్లేదు. మెడ దగ్గర సూది బెజ్జంలోంచి సన్నటి గొట్టం పంపి, పాడైన నరాన్ని లోపలే మూసేస్తారు. గుంటూరులో చేస్తారు, ఉత్తరం రాసిస్తాను."

ప్రశాంతి మంచం దగ్గరికి తిరిగొచ్చి కలానికి మూత పెట్టింది.

వారం తర్వాత గుంటూరులో ఆమెకు మత్తు ఇచ్చారు. నిద్ర కాదు, మెలకువా కాదు. మెడ దగ్గర చిన్న చీమ కుట్టినట్టయింది. తర్వాత అంతా నీళ్ళే. సాగర్ కాలవ నీళ్ళలో వెల్లకిలా తేలుతోంది తను. గట్టున తెల్లటి పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. నీళ్ళు ఎటూ జారడం లేదు, తోసుకుంటూ ముందుకే పోతున్నాయి. దూరంగా ఎవరో "అయిపోయిందమ్మా" అన్నారు. ఏం అయిపోయిందో అడగాలనిపించలేదు.

నొప్పి ఒక్కరోజులో పోలేదు. మొదటి వారం నడుము పట్టేసింది. తర్వాత ఎప్పుడో ఒక సాయంత్రం, పొయ్యి దగ్గర అన్నం వారుస్తూ, పొద్దున్నుంచీ తను పడుకోనే లేదని గుర్తొచ్చి ప్రశాంతి గంజి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నెలన్నరకు అత్తాకోడళ్ళిద్దరూ మళ్ళీ నరసరావుపేట వచ్చారు.

"ఎలా ఉంది?" అడిగింది డాక్టర్ దేవిక.

"చానా తగ్గింది మేడమ్. మొన్న సాయంత్రం దాకా కాయ కోశాను."

"సంతోషం. మళ్ళీ ఆరు నెలలకు రండి."

ప్రశాంతి లేచింది. గ్రేసమ్మ లేవలేదు.

"డాక్టరమ్మా, నన్ను కూడా అట్టా నిలబెట్టి స్కాను తీస్తారా?"

"మీకేమైంది?"

"దానికున్న నొప్పే. పాతికేళ్ళ నుంచి."

ప్రశాంతి మళ్ళీ కూర్చుంది. "ఎప్పుడూ చెప్పలేదేం అత్తా?"

"ఎట్టా చెప్పేదే? చెబితే నమ్మేదెవరు?" గ్రేసమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "నా గర్భసంచి తీసేసి ఇరవై రెండేళ్ళయింది."