రెండో పేరా

సబ్‌మిట్ నొక్కబోతుంటే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె చేతులుంచి ప్రార్థన చేయనిదే మా ఇంట్లోంచి ఏ దరఖాస్తూ బయటికి పోదు. అందుకే మోకాళ్ల నొప్పితోనే నాంపల్లి నుంచి అబిడ్స్‌లోని ఈ నెట్ సెంటర్ దాకా నాతో నడిచింది.

“కంప్యూటర్ మీద చేతులెట్ల పెడ్తరే? కాగితం తియ్యి.”

మానవశాస్త్రంలో ఎం.ఏ. సీటు కోసం, ఈ చదువే ఎందుకు కావాలో ఇంగ్లీషులో నేను రాసుకున్న రెండు పేజీలు ప్రింటు తీయించాను. తను చదవలేని ఆ వరుసల మీద అమ్మమ్మ వేలు పెట్టి చూసింది.

“గిండ్ల నా గురించి గూడ రాసినవా, బెత్సీ?”

“రాసిన అమ్మమ్మా.”

ఆమె ముఖం వెలిగిపోయింది. నేను తల తిప్పుకున్నాను.

కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులూ కాగితాల మీద ఉంచి కళ్లు మూసుకుంది. పక్క సీట్లవాళ్లు చూస్తున్నా గొంతు తగ్గించలేదు.

“తండ్రీ, నీకు స్తోత్రం. నా బిడ్డ గిండ్ల రాసిన ప్రతి మాటను నిజం చెయ్యయ్యా.”

రెండో పేరాలో నేను రాసింది, పోయినేడు మా అమ్మమ్మ చనిపోయిందని. ఆమె సమాధి దగ్గర విన్న ఏడుపు పాటలే నన్ను ఈ చదువు వైపు నడిపించాయని.

“ఆమెన్ అను బిడ్డా,” అంది అమ్మమ్మ, కళ్లు తెరవకుండానే.