అమ్మ కీబోర్డు

కొత్తగా కలపాలంటే కీబోర్డు మీద నీలం లైటు ఆరుతూ వెలుగుతూ ఉండాలి. అలా లేదు. రెప్ప వెయ్యకుండా నిలకడగా వెలుగుతోంది.

"ఇది ఇప్పటికే దేనికో కలిసి ఉంది నాన్నా," అంది కూతురు.

తండ్రి ఆమె వంక చూడలేదు. కిటికీ పక్కనున్న కుర్చీ వంక చూశాడు. అది అమ్మ కుర్చీ. అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి అందులో ఎవరూ కూర్చోలేదు. ఆయన చూపు మాత్రం రోజంతా అక్కడే.

అమ్మ మేడ మీంచి పడిపోయిన సాయంత్రం నుంచి ఆయన నోట ఒక్క మాట విన్నవాళ్ళు లేరు. బస్టాండులో ముప్పై ఏళ్ళు మైకు ముందు కూర్చున్న మనిషి. ఊళ్ళో పసిపిల్లలు కూడా ఆ గొంతు గుర్తుపడతారు. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూశాడు. లోపమేమీ లేదు, రావలసినప్పుడు అదే వస్తుంది అన్నాడు. పెన్ను చేతికిస్తే వేళ్ళు వణికి గీతలే మిగిలాయి. సరే అని కూతురు టాబ్లెట్ కొనుక్కొచ్చింది. మొద్దుబారిన ఆ వేళ్ళని దాని తెర అసలు వేళ్ళుగానే లెక్కచెయ్యలేదు. అప్పుడు గుర్తొచ్చింది అమ్మ కీబోర్డు. అమ్మ దాన్ని తన ఫోనుకు కలుపుకుని, ఇంట్లో కూర్చునే ప్రెస్సువాళ్ళకు పుస్తకాలు టైపు చేసి పెట్టేది.

కూతురికి కావలసింది ఒక్క జవాబు. ఆ రోజు పొద్దున ఆమె ఫోనులో అమ్మతో గొడవపడింది. "ఇక నాకు ఫోన్ చెయ్యకు," అని పెట్టేసింది. సాయంత్రానికి అమ్మ లేదు. ఆరేసిన బట్టలు తీస్తుంటే కాలు జారింది అన్నారంతా. కానీ ఆ మేడ మీద పిట్టగోడ నడుమెత్తు ఉంటుంది. అన్నవాళ్ళెవరూ చూసినవాళ్ళు కారు. చూసింది నాన్న ఒక్కడే.

నాన్న చెబితే ఆమె నమ్ముతుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆయనకు ఆ అతుకు పెట్టడం పుట్టుకతోనే రాదు. బస్సు కొద్దిసేపట్లో వస్తుందని చదవమంటే, "ఎప్పుడొస్తుందో మాకూ తెలియదు" అని మైకులో చదివేసి మెమో పుచ్చుకున్న ఘనుడు. ఇంట్లో ఏ చిన్న బొంకు బొంకబోయినా గొంతు పట్టేసేది. "దొరికారు," అని అమ్మ నవ్వేది.

"అమ్మ ఫోనెక్కడుంది నాన్నా?"

ఆయన కదల్లేదు. ఆమే వెతికింది. తీగ లేని వస్తువైనా, తీగ లాగితే డొంక కదిలినట్టే అయింది. బీరువాలో అమ్మ చీరల మడతల మధ్య ఫోను దొరికింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. చార్జింగ్ నిండుగా ఉంది. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చార్జింగ్ నువ్వే పెడుతున్నావా?"

తండ్రి తల ఊపాడు. ఊపింది తనకో, కుర్చీకో ఆమెకు తెలియలేదు.

ఫోను తెరిచి చూస్తే కీబోర్డు పేరు ఉంది. దాన్ని నొక్కితే కింద ఇంకో మాట వచ్చింది. 'మర్చిపో'. అది నొక్కితే గానీ కీబోర్డు అమ్మ ఫోనును వదిలేలా లేదు. వేలు చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. ఏడుపొచ్చింది.

"నిన్ను కాదులే అమ్మా," అని గొణిగి నొక్కేసింది. కీబోర్డు పక్కనున్న బటన్ కాసేపు అదిమి పట్టుకుంది. నీలం లైటు ఆరుతూ వెలగడం మొదలుపెట్టింది.

టాబ్లెట్ దాన్ని పసిగట్టింది. తెర మీద కొన్ని అంకెలు చూపించి, వాటినే కీబోర్డు మీద కొట్టి ఎంటర్ నొక్కమంది.

"నువ్వే కొట్టు నాన్నా. చేతికి అలవాటవుతుంది."

ఆయన ఒక్కో అంకె వెతుక్కుంటూ కొట్టాడు. చివరి అంకె తప్పింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పింది. ఆ తర్వాత అన్నీ సరిగ్గానే కొట్టి, ఎంటర్ దగ్గర ఆగిపోయాడు. ఏదో అడుగుతున్నట్టు కుర్చీ వంక చూశాడు. కిటికీ పరదా కుర్చీ మీదికి ఒకసారి ఉబ్బి మళ్ళీ వాలింది. ఆయన ఎంటర్ నొక్కాడు.

కీబోర్డు కలిసింది.

ఆమె ఆ ప్రశ్నను మనసులో ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. తీరా నోటిదాకా వచ్చేసరికి సగమే మిగిలింది.

"నాన్నా, ఆ రోజు... అమ్మ తనంతట తనే... నా వల్లేనా?"

ఆయన వేళ్ళు మెల్లగా కదిలాయి. తెర మీద ఒక్కో అక్షరమే వచ్చి వరసలో నిలబడింది.

"కాలు జారింది. బట్టలు తీస్తోంది. పొద్దున గొడవ సంగతి అప్పటికే చెప్పి నవ్వేసింది. నీ తప్పేం లేదు తల్లీ."

ఆమె ఆయన ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఇన్ని నెలలుగా గుండె మీద కూర్చున్న బండ పక్కకు దొర్లింది. ఆయన చెయ్యి ఆమె జుట్టు నిమురుతూనే ఉంది. లేచి కళ్ళు తుడుచుకుని చూస్తే, ఆ కుర్చీ ఒట్టి కుర్చీలాగే కనిపించింది. భయం వెయ్యలేదు.

"రేపు మళ్ళీ వస్తాను. ఇక రోజూ కబుర్లే. టైపు చేసి చేసి నీ వేళ్ళు అరిగిపోవాలి," అని నవ్వి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది.

వరండాలో వంగి చెప్పు పట్టీ పెట్టుకుంటుంటే, తలుపు వెనక నుంచి, ఊరంతా ఎరిగిన ఆ గొంతు, ఎక్కడా తడబడకుండా, రోజూ మాట్లాడే మనిషితో మాట్లాడినంత మామూలుగా వినిపించింది: "అది నమ్మిందిలేవోయ్, నువ్వు దూకావని దానికిక ఎప్పటికీ తెలియదు."